వెనక దెబ్బ తిన్న ఎస్టీమ్: డోనర్ కారుగా ఐదేళ్ళ అనుభవం

ఇంట్లో స్పోర్ట్స్ కారు కట్టుకోవాలని నా దగ్గరకు వచ్చేవాళ్ళు ముందు అడిగేది ఇంజన్ పవర్ ఎంత అని. నేను మాత్రం డోనర్ కారుకి, అంటే భాగాలు తీసుకోవడానికి కొనే పాత కారుకి, దెబ్బ ఎక్కడ తగిలిందో ముందు చూడమంటాను. 2017లో నేను విజయనగరంలో కొన్న మారుతి ఎస్టీమ్‌ని అంతకుముందే వెనక నుంచి లారీ గుద్దింది. డిక్కీ నలిగి వెనక సీటు దాకా వచ్చేసింది. ముందు భాగం మీద గీత కూడా లేదు. ఇంజన్ స్టార్ట్ చేసి, అన్ని గేర్లూ వేసి, కాస్త దూరం నడిపి మరీ కొన్నాను. స్క్రాప్ షాపులో విడి ఇంజన్ ఇంకా చవగ్గా దొరికేదే. కానీ అది నడుస్తుందని ఎవరు చెప్పగలరు? ఇంజన్, గేర్‌బాక్స్, డ్రైవ్‌షాఫ్టులు, ఈసీఎం (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్), దానికి చెందిన మొత్తం వైరింగ్, తాళం చెవి, అన్నీ ఒకే కారువి కావడం నా పనిని సగానికి సగం తగ్గించింది. ఆ నిర్ణయానికి ఈ రోజుకీ సంతోషిస్తున్నాను.

ఎస్టీమే ఎందుకంటే, 1957 నాటి లోటస్ సెవెన్ అనే తేలికైన ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు తరహాలో కట్టేవాళ్ళు ఇంజన్ ముందు, డ్రైవ్ వెనక చక్రాలకు ఉన్న కారు వెతుకుతారు. ఇంగ్లండులో వాళ్ళకి పాత ఫోర్డ్ ఎస్కార్ట్‌లు దొరికాయి. మనకున్నవాటిలో అంబాసిడర్, కాంటెస్సా రెండూ బరువు. ఓమ్నీ తేలికే కానీ 796 సీసీ నాకు చాలదనిపించింది. మా రాయగడ, కోరాపుట్ కొండల్లో జిప్సీ ఉన్నవాళ్ళు దాన్ని వదులుకోరు. అందుకని ముందు చక్రాల డ్రైవ్ ఉన్న ఎస్టీమ్ ముందు భాగం మొత్తం తీసి, నా కారులో సీట్ల వెనక పెట్టాను. 1298 సీసీ, 85 గుర్రాల ఇంజన్. మా బావ రైస్ మిల్లు వేబ్రిడ్జి మీద పూర్తయిన కారు తూస్తే సుమారు 620 కిలోలు వచ్చింది.

ఇక నన్ను నెలల తరబడి ఏడిపించిన విషయం చెబుతాను.

2019 దసరా వెళ్ళాక గుణుపురం దారిలో ఉన్న మిల్లులో, ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్ళం మీద మొదటిసారి నడిపాను. నున్నటి నేల మీద అద్భుతంగా పోయింది. కళ్ళం చివర వాన నీటికి కట్టిన చిన్న గట్టు ఉంటుంది. దాని మీద నుంచి ముప్ఫై వేగంతో వెళ్తే కారు వెనక భాగం పక్కకి లాగేసింది. నేను స్టీరింగ్ కదపనే లేదు. టైర్లలో గాలి చూశాను, బుష్‌లు మార్చాను, పార్వతీపురం తీసుకెళ్ళి అలైన్‌మెంట్ చేయించాను. నిలబెట్టి చూస్తే అన్ని కొలతలూ సరిగ్గానే ఉన్నాయి. గట్టు దగ్గరకెళ్తే మళ్ళీ అదే.

ఒకరోజు బావ వెనక నిలబడి చూస్తూ, "ఒరే, వెనక చక్రాలు కూడా పక్కకి తిరుగుతున్నాయేట్రా?" అన్నాడు. ఆ మాటతో విషయం బోధపడింది. వెనక చక్రాలు బిగించిన హబ్‌లు ఒకప్పుడు ముందు చక్రాలవి. వాటికి స్టీరింగ్‌తో పాటు చక్రాన్ని తిప్పే స్టీరింగ్ ఆర్మ్ ఉంటుంది. వెనక పెట్టినప్పుడు స్టీరింగ్ ర్యాక్ తీసేసి, ఆ ఆర్మ్‌ని ఒక కడ్డీతో చాసిస్‌కి బిగించాలి. నేను వెల్డింగ్‌కి వీలైన చోట బిగించేశాను. కడ్డీ పొట్టిదైపోయింది, లోపలి చివర ఎత్తులో ఉండిపోయింది. చక్రం పైకి లేచినప్పుడు, దాన్ని చాసిస్‌కి కలిపే కింది ఆర్మ్ ఒక వంపులో తిరుగుతుంటే కడ్డీ ఇంకో వంపులో తిరుగుతోంది. ఆ తేడా చక్రాన్ని పక్కకి తిప్పేస్తోంది.

స్ప్రింగ్ తీసేసి, జాకీతో చక్రాన్ని సెంటీమీటరు చొప్పున లేపుతూ, పక్కన దారం కట్టి రిమ్ముకి ముందూ వెనకా స్కేలుతో కొలిచాను. ఐదు సెంటీమీటర్లు లేచేసరికి ఏడు మిల్లీమీటర్లు తిరిగింది. రాయగడలో లేత్ షాపు ఆయన ఒడియాలో, నేను తెలుగులో మాట్లాడుకుంటూ కొత్త బ్రాకెట్లు చేయించాం. కడ్డీ లోపలి చివర, కింది ఆర్మ్ చాసిస్‌కి బిగిసే చోటికి దాదాపు సూటిగా రావాలి. పొడవు కూడా ఆ ఆర్మ్‌కి దగ్గరగా ఉండాలి. ఎత్తు మాత్రం లెక్కతో తేలదు. ఒక్కో వాషరు వేస్తూ తీస్తూ కొలుచుకోవాల్సిందే. రెండు నెలల ఆదివారాలు పట్టింది. చివరికి తేడా ఒక మిల్లీమీటరు లోపుకి వచ్చింది. అదే గట్టు మీద నుంచి అదే వేగంతో వెళ్తే కారు తిన్నగా పోయింది. ఆ సాయంత్రం చీకటి పడేదాకా దిగలేదు.

మొదటి ఏడాది అందరికీ ఎస్టీమే కొనమని చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. ఆ హబ్‌లు వెనక్కి వెళ్ళాయి కాబట్టి ముందుకి ఇంకో జత కొనాల్సి వచ్చింది. ఎస్టీమ్ ముందు చక్రాల బ్రేకు క్యాలిపర్లకు హ్యాండ్‌బ్రేక్ ఉండదు, అందువల్ల నా కారుకీ లేదు. మిల్లులో చదును నేల కాబట్టి చెక్కముక్కతో సరిపోతోంది. రేడియేటర్ ముందు, ఇంజన్ వెనక కావడంతో పొడవాటి పైపుల్లో గాలి చిక్కుకుని రెండుసార్లు వేడెక్కింది. పైపుల్లో ఎత్తైన చోట గాలి తీసే స్క్రూ పెట్టాక ఆగింది. వైరింగ్ అంటే టెన్షన్ పడేవాళ్ళకి ఈసీఎం అవసరం లేని, కార్బ్యురేటర్ ఉన్న పాత కారే మేలేమో.

ఇది రోడ్డు ఎక్కదు. కంపెనీ ఇచ్చిన కొలతలకి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. డోనర్ కారు విప్పేశాక 14 రోజుల్లోగా ఆర్టీఓకి తెలిపి రిజిస్ట్రేషన్ రద్దు చేయించాలన్న సంగతి కూడా మరవకండి. నాకు బావ మిల్లు, పక్కనే జీడితోటలో మట్టి బాట ఉన్నాయి కాబట్టి సాగుతోంది. అదీ డిసెంబరులో ధాన్యం వచ్చే దాకానే. నడపడానికి సొంత జాగా లేనివాళ్ళకి ఏ డోనర్ మంచిదో నేను చెప్పలేను.

నేను మళ్ళీ కడితే వెనక దెబ్బ తిన్న ఎస్టీమ్ కోసమే వెతుకుతాను, తుప్పు పట్టనిది దొరికితే. వెనక కడ్డీలకి మాత్రం దాని స్టీరింగ్ బాల్‌జాయింట్లే వాడాను. ఎర్రమట్టికి వాటి రబ్బరు బూట్లు ఏడాదిన్నరకే పగులుతున్నాయి. అందుకని ఒక కొత్త జత ఎప్పుడూ టూల్‌బాక్సులో ఉంచుకుంటున్నాను.