పాత ఇంటి బయటి గోడకు ఏది మేలు: సున్నమా, సిమెంటా, టైల్సా?

తాతల నాటి ఇంటి బయటి గోడలు పెచ్చులూడుతుంటే మేస్త్రి సాధారణంగా చెప్పే మాట ఒకటుంది: "పాతదంతా కొట్టేసి సిమెంటు ప్లాస్టరింగ్ చేసేద్దామండీ, మళ్లీ చూసుకోనక్కర్లేదు." ఆ మాటకు వెంటనే తలూపకండి. మన ఊళ్లలో మంచి మంచి మండువా లోగిళ్లు వానకు పాడైనంతగా ఇలాంటి మరమ్మతులకూ పాడయ్యాయని నా నమ్మకం.

ముందుగా గోడ దేనితో కట్టారో తెలుసుకోవాలి. పెచ్చు ఊడిన చోట ఇటుకల మధ్య సందును ఇనుప మేకుతో గీకి చూడండి. తెల్లగా, మెత్తగా పొడి రాలితే అది సున్నపు కట్టుబడి. బూడిద రంగులో ఉండి మేకు జారిపోతే సిమెంటు. బంకమన్ను కనబడితే లెక్క వేరు, దాని సంగతి చివర్లో చెబుతాను.

సున్నంతో కట్టిన గోడకు సిమెంటు ఎందుకు పడదు? పాత ఇళ్ల పునాదుల్లో చెమ్మను ఆపే పొర సాధారణంగా ఉండదు. నేలలోని తడి ఇటుకల్లోకి ఎక్కుతుంది, సున్నపు గచ్చు, అంటే గోడ పూత, గుండా మెల్లగా ఆవిరైపోతుంది. ఆ గోడకు సిమెంటు పూస్తే తడి బయటికి పోయే దారి చాలావరకు మూసుకుపోతుంది. అప్పుడది ఇంకా పైకి ఎక్కుతుంది, లేదా ఇంటి లోపలివైపు తేలుతుంది. అరుగు మీద నుంచి నడుము ఎత్తు వరకు సిమెంటు పట్టీ వేయించిన ఇళ్లను గమనించండి. పట్టీ చెక్కుచెదరకుండా కనిపిస్తుంది గానీ దానికి సరిగ్గా పైన తెల్లటి ఉప్పు పొంగి, రంగు పొరలు పొరలుగా లేచి ఉంటుంది. పట్టీ మీద నాణెంతో కొడితే డొల్ల శబ్దం వస్తుంది. అక్కడ ఉలితో ఒక పెచ్చు లేపితే వెనక ఇటుక ముఖం తడి పిండిలా అరచేతిలోకి రాలుతుంది. తడితోపాటు వచ్చిన ఉప్పు ఇటుక రంధ్రాల్లో గడ్డకట్టి దాన్ని లోపలి నుంచి పగలగొడుతుంది. సిమెంటు గట్టితనం కూడా ఇక్కడ కీడే చేస్తుంది. ఎండకూ చలికీ మెత్తటి గోడ కదులుతుంది, పైనున్న గట్టి పొర కదలలేక సన్నగా బీటలు వారుతుంది. ఆ బీటల్లోంచి వాన నీరు లోపలికి వెళ్తుంది, తిరిగి రాలేదు.

పూత ఎప్పుడూ గోడ కంటే మెత్తగా ఉండాలి. దెబ్బ తింటే పూత తినాలి, గోడ కాదు. సున్నపు గచ్చుకు ఉన్న గొప్ప గుణం ఇదే. గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని అది మళ్లీ రాయిగా మారుతుంది, చిన్న చిన్న బీటలను తానే కొంతవరకు పూడ్చుకుంటుంది. హైదరాబాద్‌లోని కుతుబ్ షాహీ సమాధుల దగ్గర 2013లో ఆగాఖాన్ ట్రస్టు పునరుద్ధరణ పనులు మొదలుపెట్టాక, గత శతాబ్దపు మరమ్మతుల్లో పూసిన సిమెంటును ఒలిపించి మళ్లీ సున్నమే వేయించింది. అంత శ్రమపడి సిమెంటును తీయించారంటే మన ఇంటి గోడకు కొత్తగా పూసేముందు ఒకసారి ఆలోచించాలి.

అయితే సున్నానికి ఓపిక కావాలి. పల్నాటి పిడుగురాళ్ల సున్నానికి పేరున్న ఊరే కాబట్టి సరుకు కొరత లేదు, పనివాళ్లదే కొరత. సున్నాన్ని ముందే నీళ్లలో నానబెట్టి, ఇసుకతో బాగా నూరి, పలుచని పొరలుగా వేసి, ఒక పొర గట్టిపడ్డాకే మరొకటి వేయాలి. ఇటుక పొడి కలిపితే తడి చోట్లలోనూ బాగా పడుతుంది. బెల్లం, కరక్కాయ నీళ్ల పాళ్లు తెలిసిన పాత తాపీ మేస్త్రి దొరికితే అదృష్టమే. మండుటెండల్లోనూ జోరువానల్లోనూ ఈ పని వద్దు, కార్తీకం నుంచి మాఘం దాకా అనువైన కాలం. సిమెంటు పని కంటే కూలి ఎక్కువవుతుంది, రోజులు ఎక్కువ పడతాయి. ఇంకో మాట, సున్నం కళ్లలో పడితే చూపుకే ప్రమాదం, పనివాళ్లకు కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పకుండా ఇప్పించండి.

గోడే సిమెంటుతో కట్టినదైతే ఇంత ఆలోచన అక్కర్లేదు. సిమెంటు ప్లాస్టరింగే సరైనది, చవక, త్వరగా అవుతుంది. కనీసం వారం రోజులు నీళ్లు కొట్టించండి, చాలు.

టైల్సు, రాతి పలకల విషయం పొట్టిగా చెబుతాను. కొత్త కాంక్రీటు ఇంటి ముందు గోడకు అవి అందమే. పాత సున్నపు గోడకు మాత్రం రెండు విధాలా చెరుపు: తడిని సిమెంటు కంటే ఎక్కువగా బంధిస్తాయి, పైగా పెచ్చులూడే గచ్చు మీద అంత బరువు నిలవదు. కింద నడిచేవాళ్ల మీద ఊడిపడే వస్తువు వద్దు. అల్యూమినియం షీట్లు అసలే వద్దంటాను. లోపల పాలిథీన్ ఉండే రకం ఎంత వేగంగా మండుతుందో 2017లో 72 మందిని బలి తీసుకున్న లండన్ గ్రెన్‌ఫెల్ టవర్ మంటల్లో లోకమంతా చూసింది.

గచ్చు సున్నంతో వేయించి, దాని మీద ప్లాస్టిక్ పొరలా పరుచుకునే వాటర్‌ప్రూఫ్ పెయింటు వేస్తే మొదటికే మోసం. వెల్ల వేయండి, రంగు కావాలంటే అందులోనే కలపండి. పండగకో ఏడాదికో మళ్లీ వేయాల్సి వస్తుంది, నిజమే, ఖర్చు మాత్రం తక్కువ.

మట్టి గోడలకైతే మట్టి పూతో, దాని మీద సున్నమో. అక్కడ సిమెంటు అసలు పట్టుకోదు.

ఏది వేయించినా ముందు చూరు కారడం, గోడ మొదట్లో నీళ్లు నిలవడం ఆపాలి. గోడకు ఆనుకుని నేల మీద పోసిన సిమెంటు గచ్చును కొంత వెడల్పున తీసేసి కంకర నింపినా చెమ్మ చాలా తగ్గుతుంది. ఆ తర్వాత పెరటి గోడ మీద ఒక చిన్న చదరం మేర సున్నం వేయించి, ఒక వానకాలం గడిచాక దాన్ని తట్టి చూసి, ముందు గోడకు బయానా ఇవ్వండి.