రెండు టిప్పుల రాడ్‌తో నాలుగు వానాకాలాలు: కొర్రమీనుకు గాలం ఎట్లా దిగింది

2021 వానాకాలం మొదట్లో ఈ రాడ్ కొన్నాను. ఏడడుగుల కార్బన్ స్పిన్నింగ్ రాడ్. పిడి ముక్క ఒకటే, పై ముక్కలు, అంటే టిప్పులు, మాత్రం రెండు వస్తాయి: ఒకటి మీడియం (కాస్త మెత్తనిది), ఇంకోటి మీడియం హెవీ (గట్టిది). అప్పట్లో 2,400 రూపాయలు పడింది. కంపెనీ పేరు రాయను, కింద తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి. కరీంనగర్ చుట్టుపక్కల చెరువుల్లో, అప్పుడప్పుడు దిగువ మానేరు ఒడ్డున, వారానికో పూట వాడుతూ వచ్చాను.

కొన్నది కొర్రమీను కోసం. అంతకుముందు నా దగ్గర ఆరడుగుల ఫైబర్ రాడ్ ఉండేది. కొస నుంచి పిడి దాకా విల్లులా వంగేది. దానికి ఎరగా రబ్బరు కప్ప కట్టి గుర్రపుడెక్క అంచున లాగితే చేప ధబీమని కొట్టేది, నేను బలంకొద్దీ లాగేవాణ్ణి, కప్ప ఒక్కటే ఎగిరి నా మొహం మీదికి వచ్చేది. పది దెబ్బలకు రెండు చేపలు గట్టెక్కితే గొప్ప. ఒకరోజు పక్కన నిలబడి చూసిన మా కాక, "కర్ర వంగుతాంది గని గాలం దిగుతలేదురా" అన్నాడు. ఆయన జన్మలో రీలు పట్టుకోలేదు. కానీ పరిగెలకు సన్న కొస వెదురు, కొర్రమట్టకు (కొర్రమీనే) కొస రెండు జానలు నరికేసిన మొద్దు వెదురు, ఇట్లా రెండు కర్రలు చూరులో చెక్కుకునే మనిషి. నాకు రెండు టిప్పుల ఆలోచన వచ్చింది ఆ చూరు చూసే.

కొర్రమీను నోరంతా ఎముకే. పైగా రబ్బరు కప్పకు ఉండేవి రెండు లావు హుక్కులు, అవీ ఒంటికి అతుక్కుని ఉంటాయి. చేప కొరికి రబ్బరు నొక్కుకుపోతేనే మొనలు బయటపడతాయి. ఆ మొన ఎముకలో దిగాలంటే జోరు కావాలి. మెత్తటి రాడ్ ఆ జోరులో సగం తన వంపులోనే మింగేస్తుంది, మిగిలిన దాంట్లో కొంత నాచు లాక్కుంటుంది. మీడియం హెవీ టిప్పు వేసిన మొదటి నెలలోనే తేడా తెలిసింది. పదికి ఐదు, ఒక్కోసారి ఆరు. అందులో కొంత పుణ్యం రాడ్‌ది కాదు, ఆలస్యంగా లాగడం నేర్చుకున్నందుకు. నీళ్లు చిమ్మగానే లాగకూడదు. దారం బరువెక్కేదాకా ఒక్క క్షణం ఓర్చుకోవాలి.

అక్కడితో గట్టి రాడ్డే మేలనుకున్నాను, తప్పు. అదే టిప్పుతో మూడు ముళ్ల సన్న హుక్కులున్న చిన్న ప్లగ్గు (చేప ఆకారపు గట్టి ఎర) విసిరితే చేపలు తగిలినట్టే తగిలి దగ్గరికొచ్చాక ఊడిపోయేవి. సన్న తీగ హుక్కు దిగడానికి పెద్ద జోరు అక్కర్లేదు. చేప తల విదిలించినప్పుడు రాడ్ వంగి ఇవ్వకపోతే మాత్రం పట్టు చిరిగి వదులైపోతుంది. ఒకసారి హుక్కు సాపైపోయి వచ్చింది కూడా. ఆ పనికి మీడియం టిప్పే సరి. బెండు కట్టి శీలావతి చేపకు కూర్చున్నప్పుడూ అంతే.

రెండో ఏడాది ఎండాకాలంలో చెరువు ఎండి పని లేక ఒక పరీక్ష పెట్టాను. చింతచెట్టుకు స్ప్రింగ్ కాటా వేలాడదీసి, దానికి దారం కట్టి, పదిహేను మీటర్ల దూరం నుంచి చేపకు కొట్టినట్టే లాగాను. మా పిల్లవాడు ఫోన్‌లో స్లో మోషన్ తీశాడు. మీడియం టిప్పుకు 0.35 మి.మీ. నైలాన్ దారం కడితే ముల్లు 700 గ్రాముల దగ్గరే ఆగింది. అంత ఊపుకు ఇంతేనా అని నాకే సిగ్గేసింది. అదే టిప్పు మీద బ్రెయిడ్ (సన్న పోగులు అల్లిన దారం) ఎక్కిస్తే కిలోకు దగ్గరైంది. మీడియం హెవీ, బ్రెయిడ్ కలిస్తే కిలోంబావు దాటింది. తర్వాత అదే రాడ్ కొస పైకెత్తి లాగడం మాని, కొసను నీటి వైపు దించి, దారం వదులంతా చుట్టేసి, నడుము తిప్పి పక్కకు లాగితే రెండు కిలోలకు వచ్చింది. ఇంటి కాటా లెక్క, ప్రయోగశాల కాదు. అయినా నాకు కావలసింది తెలిసింది. టిప్పు మార్చినందుకు వచ్చిన లాభం కన్నా రాడ్ పట్టే కోణం మార్చినందుకు వచ్చినది ఎక్కువ. రాడ్ నిలువుగా లేస్తే మెత్తటి కొస మీదే వంపంతా పడుతుంది, పక్కకు దించి లాగితే మొద్దు భాగం పని చేస్తుంది. నైలాన్ సాగుతుంది, బ్రెయిడ్ దాదాపు సాగదు. డ్రాగ్ (రీలులో దారాన్ని పట్టి ఉంచే బ్రేకు) వదులుగా ఉంటే మాత్రం ఇవేవీ పనికిరావు, రీలు కిర్రుమని దారం వదిలేస్తుంది.

అప్పట్నుంచి కప్ప విసిరే రోజు మీడియం హెవీకి 30 పౌండ్ల బరువు ఆపే బ్రెయిడ్, డ్రాగ్ బిగింపు. ప్లగ్గుకు మీడియం టిప్పు, అదే బ్రెయిడ్, చివర మీటరున్నర నైలాన్ ముక్క, డ్రాగ్ కొంచెం సడలింపు. ఆ ముక్క సాగే ఆ కాస్తా చాలు, చేపలు ఊడిపోవడం తగ్గింది. రాడ్ కన్నా ముందు హుక్కు మొన సానపట్టుకోండి, గోటి మీద జారితే అది మొండిది.

పాత ఫైబర్ రాడ్‌నూ వదల్లేదు. కాక పద్ధతిలో కొస నాలుగంగుళాలు కోసి, దారం దూరే కొత్త రింగు వేడి జిగురుతో అంటించాను. గట్టిపడింది, నిజమే. కానీ తేలిక ఎర ఇప్పుడు పది గజాలు పోదు. కోసింది మళ్లీ అతకదు, ఖరీదైన రాడ్ మీద ఈ పని చేయకండి.

ఇక తిట్లు. మూడో ఏడాదికి జాయింటు అరిగి విసిరినప్పుడల్లా పై ముక్క తిరిగిపోయేది. కొవ్వొత్తి మైనం రుద్ది నెట్టుకొస్తున్నాను. కొస రింగులో పింగాణీ పగిలి మూడు సార్లు బ్రెయిడ్ తెగాక గానీ కారణం పట్టుకోలేకపోయాను. చెవిపుల్ల దూది రింగులో తిప్పితే పీచు చిక్కుకుంది, అప్పుడు తెలిసింది. మీడియం టిప్పు గతేడాది కారు తలుపులో నలిగి విరిగింది. అది నా తప్పు. కానీ ఒక్క టిప్పు విడిగా అమ్మరు, మొత్తం సెట్టు కొనమంటారు. రెండు టిప్పుల రాడ్ అమ్ముతూ రెండో టిప్పు అమ్మకపోవడం ఏం వ్యాపారమో!

కార్బన్ రాడ్‌తో కట్ట మీద నడిచేటప్పుడు పైన కరెంటు తీగలు చూసుకోండి, దీనిలోంచి కరెంటు పారుతుంది. చెరువు మత్స్య సహకార సంఘానిదైతే వాళ్లను అడగకుండా దిగకండి. కొర్రమీను ఎర్రటి పిల్లల గుంపు తేలుతున్న చోట కప్ప విసరకండి. కింద కాపలా ఉన్న తల్లీతండ్రీ ఆకలితో కాదు, కోపంతో కొడతాయి. అవి పోతే పిల్లల్ని మిగతా చేపలు మింగేస్తాయి. కొర్రమీనుకు తెలంగాణ రాష్ట్ర చేప అని పేరు పెట్టుకున్నందుకైనా ఆ కాస్త వదిలేద్దాం.

మళ్లీ కొంటానా? రెండు టిప్పులది కొనను. మంచి జాయింటు, మంచి రింగులున్న మీడియం హెవీ ఒక్కటి కొని, మిగిలిన డబ్బు బ్రెయిడ్‌కు పెడతాను. ఇప్పటికైతే ఒంటి టిప్పుతోనే ఉన్నాను. శీలావతికి వెళ్లే రోజు కాక చూరులోంచి సన్న కొస వెదురు అడిగి తెచ్చుకుంటున్నాను.