పులికాట్‌కు ముడుపా, బడ్జెట్ పద్దా: ఏది మేలు?

తిరుపతి అనగానే ఎవరికైనా కొండ గుర్తుకొస్తుంది, సముద్రం గుర్తుకు రాదు. కానీ 2022 ఏప్రిల్‌లో జిల్లాల గీతలు మారినప్పుడు సూళ్లూరుపేట, తడ మన జిల్లాలోకి వచ్చాయి. వాటి వెంట పులికాట్ సరస్సూ, శ్రీహరికోట అవతలి బంగాళాఖాతమూ వచ్చాయి. కొండ కింద ఉండేవాళ్లకు తీరం గొడవ ఎందుకని అడిగేవారికి ఒకటే జవాబు: పిచ్చాటూరు మీదుగా పారే ఆరణియారు చివరికి చేరేది ఆ సరస్సులోకే.

తీరాన్ని కాపాడే ఖర్చు ఎక్కడి నుంచి రావాలి? ఏటా బడ్జెట్లో అడిగి తెచ్చుకోవడం ఒక దారి. గాలి, ఎండలతో చేసే కరెంటు ఆదాయంలో కొంత వాటాను చట్టంతో తీరానికే కట్టివేయడం రెండోది. మొదటిది చెయ్యి చాచడం. రెండోది పసుపు గుడ్డలో ముడుపు కట్టడం, అంటే ఇంట్లో ఎంత ఇబ్బంది వచ్చినా విప్పకూడని డబ్బు.

ఏ డబ్బు మేలో తేలాలంటే సరస్సుకు ఏం కావాలో ముందు చూడాలి. పులికాట్ ఊపిరి అంతా ముఖద్వారాల్లో ఉంది. మనవైపు రాయదొరువు, కొండూరుపాలెం, తమిళనాడువైపు పళవేర్కాడు. ఆటుపోట్లతో సముద్రపు నీరు లోపలికి వచ్చి పోతుంటేనే చేప, రొయ్య పిల్లలు సరస్సులోకి చేరతాయి, ఉప్పు అదుపులో ఉంటుంది. మన తూర్పు తీరం వెంట అలలు ఇసుకను ఏడాదిలో ఎక్కువ భాగం దక్షిణం నుంచి ఉత్తరానికి నడిపిస్తూనే ఉంటాయి. ఆ ఇసుక ద్వారానికి అడ్డంగా పేరుకుంటుంది. ఎండాకాలంలో నీరు తగ్గి, ఉప్పు పెరిగి, సరస్సు అంచులు బీటలు వారిన మైదానంలా మారతాయి. పూడిక తీస్తే ద్వారం తెరుచుకుంటుంది, కానీ అలలు పని మానవు కాబట్టి మళ్లీ పూడుకుంటుంది. పోనీ రాళ్ల గట్టు కట్టి ఇసుకను ఆపుదామా అంటే, ఇసుక అందని ఉత్తరపు ఊళ్లను సముద్రం కోసేస్తుంది. ఒక్కసారి పెద్ద మొత్తం మంజూరు చేసి, శంకుస్థాపన చేసి, ఫొటో దిగితే తీరిపోయే పని కాదిది. ఏటా కొంచెం, తప్పకుండా, పదేళ్లపాటు రావాల్సిన డబ్బు కావాలి.

ఇక్కడే బడ్జెట్ దారి బలహీనత బయటపడుతుంది. దాన్ని తీసిపారేయలేం. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి కోత నివారణకు 1,500 కోట్లు, కోతతో ఇల్లు పోయినవారి పునరావాసానికి 1,000 కోట్లు సూచించింది. మడ అడవుల కోసం కేంద్రం 2023-24 బడ్జెట్లో మిష్టి పథకం తెచ్చింది. అయితే ఇవి దేశం మొత్తానికి, కాలం గడువుతో వచ్చేవి. తుపాను వచ్చిన ఏడాది తీరం గుర్తుంటుంది, కరువు వచ్చిన ఏడాది మరిచిపోతారు.

మరి ముడుపు దారి? అమెరికాలోని లూసియానా దీనికి పాత ఉదాహరణ. 1930ల నుంచి ఆ రాష్ట్రం సుమారు 5,000 చదరపు కిలోమీటర్ల నేలను సముద్రానికి పోగొట్టుకుంది. సముద్రపు చమురు, గ్యాస్ ఆదాయంలో వాటాను తీర రక్షణకే వాడాలని 2006లో రాజ్యాంగంలో రాసుకుంది. సముద్రంలోని పునరుత్పాదక ఇంధనం మీద అమెరికా కేంద్ర ప్రభుత్వం నుంచి వచ్చే డబ్బునూ ఆ నిధికే జమ చేయాలని 2024 నవంబరులో ఓటర్లు ఒప్పుకున్నారు. తాళం బాగానే ఉంది, పెట్టెలో డబ్బే తక్కువ. 2023లో ఆ రాష్ట్రం ఆనుకుని ఉన్న మెక్సికో గల్ఫ్ సముద్రంలో గాలిమరల కోసం మూడు ప్రాంతాలు వేలానికి పెడితే ఒక్కటే అమ్ముడుపోయింది.

మనం ఆ దారిని అలాగే పట్టుకుంటే ఇంకా తేలిపోతాం. తీరానికి 12 నాటికల్ మైళ్ల లోపలైనా బయటైనా, సముద్రగర్భంలోని సంపద మన రాజ్యాంగం 297వ అధికరణం ప్రకారం కేంద్రానిది. పైగా 2024లో కేంద్రం సముద్రపు గాలి విద్యుత్తుకు ఇచ్చిన 7,453 కోట్ల ఊతం గుజరాత్, తమిళనాడుల కోసం. మన తీరంలో ఒక్క మరా లేదు. కాబట్టి వాటా నేల మీది కరెంటు నుంచే రావాలి. తిరుమల కాకులకొండ మీద గాలిమరలను రోజూ చూసే ఊరికి ఇది వింత ఆలోచనేమీ కాదు.

లెక్క చూద్దాం. మన ఎండలో ఒక మెగావాట్ సౌర కేంద్రం ఏడాదికి సుమారు 15 లక్షల యూనిట్లు ఇస్తుంది. కర్నూలు సౌర పార్కు లాంటి 1,000 మెగావాట్ల కేంద్రం నుంచి 150 కోట్ల యూనిట్లు. యూనిట్‌కు 5 పైసలు తీసినా ఏటా ఏడున్నర కోట్లు. రాళ్ల గోడలకు చాలదు గానీ, విడతలవారీగా పూడిక తీయడానికి పనికొస్తుంది. లాభంలో వాటా అడగకూడదు. లాభాన్ని కాగితం మీద మాయం చేయవచ్చు, మీటరు మీద యూనిట్‌ను దాచడం కష్టం. కరెంటు ఉత్పత్తి మీద రాష్ట్రాలు పన్ను వేయరాదని 2023లో కేంద్రం గట్టిగా చెప్పింది. వినియోగం, అమ్మకం మీద వేసే అధికారం మాత్రం రాష్ట్రాలకుంది. ఆ గుమ్మం నుంచే వెళ్లాలి. ఆ 5 పైసలు చివరికి వినియోగదారు బిల్లులోనే పడతాయన్న మాట దాచడం న్యాయం కాదు. జలవిద్యుత్తులో ఇలాంటి వాటా కొత్త కాదు: 2008 విధానం ప్రకారం 1 శాతం కరెంటు విలువ స్థానిక ప్రాంతాభివృద్ధికి పోతుంది.

ఊరికో సొంత సౌర కేంద్రం పెట్టి ఆ ఆదాయంతో తీరాన్ని చూసుకుందామనేవారూ ఉన్నారు. ఉప్పుగాలికి పలకలు తుడిచే మనుషుల జీతాలు తీశాక ఎంత మిగులుతుందో వాళ్లే చెప్పాలి.

నా ఓటు ముడుపుకే, ఒక భయంతో. 2010లో బొగ్గు టన్నుకు 50 రూపాయలుగా మొదలైన సెస్సు స్వచ్ఛ ఇంధన నిధి కోసమే పుట్టింది. 2016 నాటికి 400 అయింది. 2017లో జీఎస్టీ వచ్చాక అదే డబ్బు రాష్ట్రాల పరిహారానికి మళ్లింది. ముడుపును ఇంటివాళ్లే విప్పేశారు. అందుకే ఏటా వసూలు ఎంత, ఖర్చు ఎక్కడ అన్నది సూళ్లూరుపేటలో బోర్డు మీద రాసి పెట్టాలని, సంతకం పెట్టేవాళ్లలో సరస్సులో వల వేసేవాళ్లు ఉండాలని చట్టంలోనే రాయాలి. మొదటి ఏడాది డబ్బు రాయదొరువు దగ్గర ఇసుక ఏ నెలలో ఎంత చేరుతోందో కొలవడానికి పోవాలి.