ఇద్దరు వండర్ ఉమన్‌లు: 1974, 1975

అమెరికాలో ఏబీసీ చానల్ ఇరవై నెలల తేడాలో కామిక్స్ సూపర్‌హీరోయిన్ వండర్ ఉమన్‌ని రెండుసార్లు తెరకెక్కించింది. ఆ పాత్రలో 1974 మార్చిలో క్యాథీ లీ క్రాస్బీ, 1975 నవంబర్‌లో లిండా కార్టర్. ఇప్పుడు వరసగా చూస్తే తేడా ఇట్టే తెలిసిపోతుంది.

మొదటిదాంట్లో డయానా (వండర్ ఉమన్ అసలు పేరు) గూఢచారి. బంగారు జుట్టు, ట్రాక్‌సూట్ లాంటి డ్రెస్సు. చెప్పుకోదగ్గ శక్తులేవీ లేవు. విలన్‌గా రికార్డో మోంటల్‌బాన్ దర్జాగా ఉన్నాడు గానీ, వండర్ ఉమన్ అన్న పేరు తీసేస్తే అది మామూలు స్పై కథే.

రెండోది కామిక్‌ని మనసారా నమ్మింది. టైటిల్సే బొమ్మల పుస్తకంలా కదులుతాయి. కథని మళ్లీ కామిక్‌లోని రెండో ప్రపంచ యుద్ధకాలానికే తీసుకెళ్లారు. స్టేజి మీద తుపాకీ గుళ్లని కార్టర్ తన కంకణాలతో ఆపే సీన్ చూడండి: ప్రేక్షకుల్లోంచి ఓ ముసలావిడ ఏకంగా మెషిన్ గన్ తీస్తుంది, కార్టర్ మొహంలో చిరునవ్వు చెదరదు! ఆ నమ్మకమే సిరీస్‌ని 1979 దాకా నడిపించింది.

నా ఓటు నిస్సందేహంగా కార్టర్‌కే. అయినా క్రాస్బీని తక్కువ చేయలేను. నిబ్బరంగా నటించింది, ఆమెకి సరైన కథ పడలేదు, అంతే.