సిల్ఫ్రా నీళ్లలో వణికించిన వరంగల్ థర్మల్స్

వరంగల్ చౌరస్తా దగ్గర ఒక బట్టల షాపులో రెండు జతల థర్మల్స్, అంటే చలికి లోపల వేసుకునే బట్టలు, కొన్నాం. జత రూ. 2,950. "అసలు మెరినో ఊలు మేడమ్, కశ్మీర్ పోయేటోళ్లంతా ఇవే కొంటరు" అన్నాడు సేల్స్‌మన్. లేబుల్ మీదా అదే ఉంది. రూ. 5,900 పోయాయన్నది ఒక బాధ. వాటిని నమ్మి ఐస్‌లాండ్‌లో మా ఆయన పడ్డ అవస్థ అంతకన్నా పెద్ద బాధ.

లండన్‌లో ఉండే తమ్ముడు పిలిస్తే వెళ్లాం. ఐస్‌లాండ్ రాజధాని రెక్యావిక్‌లో గెస్ట్‌హౌస్ రోజుకు రూ. 13,200, శుభ్రంగా ఉంది. నల్లాలో వేడినీళ్లు కుళ్లిన గుడ్డు వాసన కొడతాయి. భూమిలోంచి వచ్చే గంధకం అది, కంగారు పడకండి.

అక్కడికి సుమారు 45 కిలోమీటర్లలో థింగ్వెల్లిర్ నేషనల్ పార్కు, అందులో సిల్ఫ్రా. ఉత్తర అమెరికా, యురేషియా భూఫలకాలు ఎడమైన చోట పడిన పగులు. లాంగ్‌యోకుల్ హిమానీనదం కరిగిన నీళ్లు లావా రాళ్లలో ఏళ్ల తరబడి వడకట్టుకుని ఇందులోకి వస్తాయి. ఏడాదంతా 2 నుంచి 4 డిగ్రీలే. తమ్ముడికి డ్రైసూట్ (నీళ్లు లోపలికి రానివ్వని సూటు) డైవర్ సర్టిఫికెట్ ఉంది కాబట్టి డైవింగ్‌కు దిగాడు. మేము పైన తేలే స్నార్కెలింగ్, మనిషికి రూ. 15,640. డ్రైసూట్, లోపలికి ఫ్లీస్ సూట్ వాళ్లే ఇస్తారు. థర్మల్స్, ఊలు సాక్సులు మనవి. కాటన్ వద్దని బుకింగ్‌లోనే రాశారు.

ఎందుకు వద్దో అక్కడ తెలిసింది. డ్రైసూట్ నీళ్లను ఆపుతుంది గానీ దానంతట అది పెద్దగా వెచ్చదనం ఇవ్వదు. లోపలి బట్టలు పట్టి ఉంచే గాలితోనే ఎక్కువ వెచ్చదనం. మా గైడ్ అమ్మాయి ఎంత ఓపికమంతురాలో! మెడ దగ్గర రబ్బరు పట్టీ కింద చుట్టూ వేలు తిప్పి, ఒక్క వెంట్రుక గానీ, బనియన్ అంచు గానీ ఇరుక్కోకుండా చూసింది. గుడ్డ చివర ఇరుక్కుంటే దాని వెంట నీళ్లు లోపలికి పాకుతాయట.

ఆ బరువంతా వేసుకుని మెట్ల దాకా నడిచేసరికి చెమట పట్టింది. నీళ్లలోకి దిగిన పది నిమిషాలకు మా ఆయన "వీపు మీద మంచుగడ్డ పెట్టినట్టుందే" అన్నాడు. నాదీ అదే పరిస్థితి. కింద నీలం రంగు లోయ అద్దంలా కనిపిస్తుంటే ఆయన చూడనే లేదు, ఎప్పుడు బయటికి పోదామా అన్నదే ధ్యాస. బయటికొచ్చి సూటు విప్పితే నీటి చుక్క లోపలికి రాలేదు, థర్మల్ మాత్రం చెమటతో ఒంటికి అతుక్కుపోయి ఉంది. నలభై నిమిషాలు కింద ఉండి వచ్చిన తమ్ముడి ఊలు బనియన్ కూడా చెమ్మగానే ఉంది, వాడికి వణుకే లేదు.

ఇంటికొచ్చాక ఆ థర్మల్ పట్టుకుని కొత్తవాడలో మాకు తెలిసిన నేత పెద్దాయన దగ్గరికి పోయాను. అంచులోంచి ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టి అగ్గిపుల్ల గీశాడు. భగ్గున అంటుకుంది, కాగితం కాలిన వాసన. కొసన గట్టి నల్ల పూస మిగిలింది. పక్కనున్న పాత గొంగడి పోగు కాలిస్తే వెంట్రుకలు కాలిన కమురు వాసన, మంట దానంతట అదే ఆరింది, బూడిద వేళ్ల మధ్య పొడి అయింది. "నీది పత్తి, అండ్ల ఇంత పాలిస్టర్ కలిపిండ్రు. ఊలంటే ఇదీ బిడ్డా, తడిసినా పానం కాపాడుతది" అన్నాడు. వానలో గొంగడి కప్పుకుని గొర్ల కాడ నిలబడే మా తాత గుర్తొచ్చాడు.

బిల్లు తీసుకుని షాపుకు పోతే "వాడిన బట్టలు వాపస్ తీసుకోం" అని మొహం తిప్పుకున్నారు. పోగు కాల్చి చూపిస్తానంటే వినలేదు.

చల్లటి నీళ్లకు పోయేవాళ్లు లేబుల్ నమ్మొద్దు, ఇంట్లోనే పోగు కాల్చి చూడండి. పూర్తి పాలిస్టర్ అయినా పర్వాలేదు, చెమటను పట్టి ఉంచదు. పత్తి కలిసిందే వద్దు, చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది. సాక్సులు రెండు జతలు బిగించి తొడగకండి, నెత్తురు ఆడక నా కాలివేళ్లు మొద్దుబారాయి. వదులుగా ఒక్క మందపాటి జత చాలు.

వచ్చే ఏడు మళ్లీ రమ్మంటున్నాడు తమ్ముడు. ఆ నీలం లోయ ఈసారైనా చూడాలని మా ఆయన ఇప్పటినుంచే అంటున్నాడు.