ఫోన్ మీద పెత్తనం మనదా, కంపెనీదా?

కొత్త ఫోన్‌లో మనం అడగని యాప్‌లు బోలెడుంటాయి. కొన్నిటిని నొక్కి పట్టుకుంటే 'అన్‌ఇన్‌స్టాల్' కనబడదు, 'డిసేబుల్' మాత్రమే ఉంటుంది. అంటే యాప్ ఆగుతుంది, అది పట్టిన జాగా మాత్రం మనకు రాదు. కంప్యూటర్‌కి కలిపి ఏడీబీ (కంప్యూటర్ నుంచి ఫోన్‌కి ఆదేశాలిచ్చే సాధనం) కమాండ్‌తో తీసేసినా, ఫ్యాక్టరీ రీసెట్ చేయగానే మళ్లీ ప్రత్యక్షం. డబ్బు పెట్టి కొన్న వస్తువులో ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది.

అధికారిక యాప్ స్టోర్‌లో కాకుండా బయటి నుంచి వేసుకునే యాప్‌ల విషయంలో కంపెనీల భయం ఒట్టిది కాదు, వాటితో మోసాలు నిజంగానే జరుగుతున్నాయి. ఇక్కడ ఆండ్రాయిడ్ పద్ధతి నయం: హెచ్చరిస్తుంది, తర్వాత నిర్ణయం మనకే వదులుతుంది. ఐఫోన్ తలుపులు బిగించుకునే ఉంది. యూరోపియన్ యూనియన్ చట్టం పట్టుబట్టాకే, 2024 మార్చిలో ఐఓఎస్ 17.4తో అక్కడ వేరే యాప్ స్టోర్లకు దారిచ్చింది.

స్క్రీన్ దగ్గర నా లెక్క వేరు. ఫోన్ వేడెక్కినప్పుడు వెలుతురు దానంతటదే తగ్గడం సబబే, లేకపోతే డిస్‌ప్లే, బ్యాటరీ రెండూ దెబ్బతింటాయి. కానీ బొమ్మ సెకనుకు 120 సార్లు మారే 120 హెర్ట్జ్ ఎంచుకున్నాక కూడా కొన్ని యాప్‌లలో చెప్పాపెట్టకుండా 60కి దించేస్తే ఎలా? బ్యాటరీ త్వరగా అయిపోతుందని ఒక మాట చెప్పి, స్విచ్ మన చేతికివ్వొచ్చు కదా.