51 మంది మాట చెల్లాలా, 41 మంది అడ్డుకోవాలా: అమెరికాలో ఏది మేలు?

2019 జూలైలో అమెరికా ప్రతినిధుల సభ ఒక బిల్లును ఆమోదించింది. అనుకూలంగా 365, వ్యతిరేకంగా 65. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ దేశానికీ 7 శాతానికి మించి దక్కకూడదన్న పరిమితిని ఎత్తేయడం దాని ఉద్దేశం. హెచ్1బీ మీద ఉంటూ ఏళ్ల తరబడి వరుసలో నిలబడిన తెలుగు కుటుంబాలకు ఆ ఓటింగ్ ఎంత టెన్షన్ పెట్టిందో చెప్పనక్కర్లేదు. తర్వాత విషయం సెనెట్‌కు వెళ్లింది. అక్కడ ఓటింగ్ లేకుండా, అందరి సమ్మతితో గట్టెక్కించాలని చూశారు. ఆ పద్ధతిలో ఒక్క సభ్యుడు లేచి ఒప్పుకోనంటే చాలు, పని ఆగిపోతుంది. ఆగిపోయింది, అదీ ఒక్కసారి కాదు. 2020 డిసెంబరులో సెనెట్ కొన్ని మార్పులతో ఆమోదించింది గానీ, రెండు సభలూ ఒకే పాఠానికి రాకముందే ఆ కాంగ్రెస్ (రెండు సభలూ కలిసిన అమెరికా పార్లమెంటు) గడువు ముగిసింది.

అడ్డుపడిన వాళ్లను తిట్టుకోవడం తేలిక. కానీ వాళ్ల దగ్గరా కారణాలున్నాయి. పరిమితి ఎత్తేస్తే కొన్నేళ్లపాటు ఎక్కువ కార్డులు భారతీయులకే వెళ్తాయి, వేరే దేశాల నుంచి వచ్చే నర్సుల్లాంటి వాళ్లు వెనకబడతారు అన్నారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉన్నప్పుడు ఎవరి మాట నెగ్గాలి? అమెరికా వ్యవస్థ మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ప్రతినిధుల సభలో 435 మంది. అందరూ ఓటేస్తే 218 మంది చేతులెత్తిన బిల్లు నెగ్గుతుంది. సెనెట్‌లో 100 మంది, రాష్ట్రానికి ఇద్దరు. 51 మంది ఒక బిల్లు కావాలన్నా సరిపోదు. చర్చ ముగించి ఓటింగ్‌కు వెళ్లాలంటే మామూలుగా 60 మంది కావాలి. అంటే 41 మంది కలిస్తే చాలు, బిల్లు ఓటింగ్ దాకా కూడా రాదు. దీన్నే ఫిలిబస్టర్ అంటారు. బడ్జెట్‌కు సంబంధించిన కొన్ని బిల్లులకు, జడ్జీల, మంత్రుల నియామకాలకు మినహాయింపు ఉంది. నియామకాల మినహాయింపు ఈమధ్యదే: 2013లో డెమోక్రాట్లు, 2017లో రిపబ్లికన్లు తమ తమ అవసరం కొద్దీ తెచ్చుకున్నారు.

చాలామంది ఈ 60 రాజ్యాంగంలోనే ఉందనుకుంటారు. లేదు. ఒప్పందాలకు, అధ్యక్షుడి వీటోను తోసిపుచ్చడానికి, రాజ్యాంగ సవరణకు మూడింట రెండొంతులు కావాలని రాజ్యాంగం విడిగా రాసింది. మామూలు చట్టాలకు అలాంటి మాటేమీ లేదు. అంతకుముందున్న పాత ఏర్పాటులో ముఖ్యమైన ప్రతి పనికీ 13 రాష్ట్రాల్లో 9 ఒప్పుకోవాల్సి వచ్చేది. దాంతో పనులు ఎలా స్తంభించాయో చూసిన రాజ్యాంగ నిర్మాతల్లో ఒకడైన హామిల్టన్, కొద్దిమంది చేతికి అడ్డుకునే అధికారం ఇవ్వడం విషంలాంటిదని గట్టిగానే రాశాడు. 1806లో సెనెట్ తన నిబంధనలను సవరించుకుంటూ, చర్చ ముగించే నియమాన్ని పెద్దగా ఆలోచించకుండానే తీసేసింది. ఆ ఖాళీలోంచి ఫిలిబస్టర్ పుట్టింది. 1917లో మూడింట రెండొంతుల ఓట్లతో చర్చ ముగించవచ్చన్నారు, 1975లో దాన్ని 60కి తగ్గించారు.

దీనికి తోడు రాష్ట్రాల లెక్క. 2020 జనాభా లెక్కల్లో కాలిఫోర్నియా జనం సుమారు 3.95 కోట్లు, వయోమింగ్ జనం 5.77 లక్షలు. ఇద్దరికీ సెనెటర్లు ఇద్దరిద్దరే. మన రాజ్యసభలో ఉత్తరప్రదేశ్‌కు 31 సీట్లు, సిక్కింకు 1. అలా అలవాటుపడ్డ మనకు ఈ లెక్క మింగుడుపడదు. కానీ 1787లో ఈ సమానత్వం ఇవ్వకపోతే చిన్న రాష్ట్రాలు దేశంలో చేరేవే కావు.

కొద్దిమందికి అడ్డుకునే అధికారం ఉండాలనే వాళ్ల వాదన బలహీనమైనదేమీ కాదు. రెండేళ్లకోసారి సభలు చేతులు మారే దేశంలో 51 ఓట్లతో చేసిన చట్టాన్ని తర్వాతి 51 మంది రద్దు చేస్తూ పోతే జనానికి దేనిమీదా భరోసా ఉండదు. పైగా ఆవేశంలో మెజారిటీ ఎంత దారుణం చేయగలదో అమెరికా చరిత్రలోనే ఉంది. 1942లో దాదాపు 1.2 లక్షల మంది జపాన్ సంతతి వాళ్లను ఇళ్ల నుంచి తీసుకెళ్లి శిబిరాల్లో పెట్టారు. వాళ్లలో ఎక్కువమంది అమెరికా పౌరులే.

నా మనసు మార్చింది సరిగ్గా ఆ 1942 ఉదాహరణే. వాళ్లను తరలించడానికి ఇచ్చిన సైనిక ఆదేశాలను ధిక్కరిస్తే శిక్ష వేసే చట్టాన్ని కాంగ్రెస్సే చేసింది. సెనెట్‌లో ఫిలిబస్టర్ అనే ఆయుధం అప్పుడూ ఉంది. ఒక్కరూ దాన్ని బయటికి తీయలేదు. మరి దాన్ని ఎవరి మీద వాడారు? 1922లో నల్లజాతి వాళ్లను మూకలు కొట్టి చంపడాన్ని ఫెడరల్ నేరంగా చేసే బిల్లును ప్రతినిధుల సభ ఆమోదిస్తే, దక్షిణాది సెనెటర్లు దాన్ని ఆపేశారు. అలాంటి చట్టం చివరికి వచ్చింది 2022లో. 1957లో పౌరహక్కుల బిల్లును ఆపడానికి సెనెటర్ స్ట్రామ్ థర్మండ్ 24 గంటల 18 నిమిషాలు మాట్లాడాడు. సెనెట్‌లో ఓట్లు తక్కువ ఉన్న పక్షం వేరు, సమాజంలో బలం తక్కువ ఉన్న మనుషులు వేరు. ఈ ఆయుధం చాలాసార్లు మొదటి వాళ్ల చేతిలో ఉండి రెండో వాళ్లను కొట్టింది.

న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్ నుంచి 1923లో ప్రతినిధుల సభకు వచ్చిన ఇమాన్యుయెల్ సెల్లర్ బిల్లుల వెంట నడిస్తే ఇది ఇంకా స్పష్టంగా కనబడుతుంది. అదే 1923లో సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు ‘తెల్లవాళ్లు’ కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారంది. అప్పటికే పౌరులైన కొందరు భారతీయుల పౌరసత్వాన్నీ ఆ తర్వాత రద్దు చేశారు. కోర్టు తీసేసుకున్న ఆ హక్కును 1946లో తిరిగి ఇచ్చింది కాంగ్రెస్‌లో మెజారిటీ చేసిన చట్టం, దాని మీద సెల్లర్ పేరుంది. 1964 పౌరహక్కుల చట్టాన్ని ప్రతినిధుల సభలో నడిపించిందీ ఆయనే. సెనెట్‌లో నెలల తరబడి సాగదీశాక, 1964 జూన్ 10న 71–29 ఓట్లతో చర్చ ముగిసింది. మెదడులో కణితితో మాట పడిపోయిన సెనెటర్ క్లెయిర్ ఎంగిల్‌ను చక్రాల కుర్చీలో తీసుకొస్తే, ఆయన తన కంటివైపు వేలు చూపి అనుకూల ఓటు వేశాడు. మరుసటి ఏడాది వచ్చిన వలస చట్టం దేశాల వారీ పాత కోటాలను ఎత్తేసింది. దాని మీదా సెల్లర్ పేరే. ఇవాళ అమెరికాలో తెలుగువాళ్లు ఇంతమంది ఉన్నారంటే ఆ తలుపు అప్పుడు తెరుచుకోబట్టే.

సెల్లర్ మరో ప్రయత్నం మాత్రం ఫలించలేదు. అధ్యక్షుడిని ఎలక్టోరల్ కాలేజీ (రాష్ట్రాల వారీగా ఎన్నికైన ప్రతినిధుల బృందం) కాకుండా నేరుగా జనమే ఎన్నుకునేలా రాజ్యాంగ సవరణ. 1969లో ప్రతినిధుల సభ 338–70తో ఆమోదించింది. 1970లో సెనెట్‌లో దక్షిణాది, చిన్న రాష్ట్రాల సభ్యులు అడ్డుపడ్డారు. చర్చ ముగించడానికి 54 మంది ఒప్పుకున్నారు, 36 మంది కాదన్నారు. అప్పటి నియమం ప్రకారం అది చాలలేదు, సవరణ అక్కడే ఆగింది. దాని ఫలితం 2000లో, 2016లో చూశాం. 2000లో అల్ గోర్‌కు 5 లక్షలకు పైగా, 2016లో హిల్లరీ క్లింటన్‌కు 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువొచ్చినా ఇద్దరూ ఓడిపోయారు.

అందుకే నా ఓటు మెజారిటీకి. మనిషికి పుట్టుకతో ఉన్న హక్కుల మీద మాత్రం ఏ మెజారిటీకీ చేయి వేసే వీలుండకూడదు. జెండాకు వందనం చేయబోమన్న యెహోవాసాక్షుల (ఒక క్రైస్తవ శాఖ) పిల్లల్ని బడి నుంచి పంపేయడం కుదరదని 1943లో సుప్రీంకోర్టు చెప్పింది. బలహీనులకు కావల్సింది అలాంటి రక్షణ. కోర్టూ తప్పు చేస్తుంది, థిండ్ కేసే సాక్ష్యం. అయినా మామూలుగా తీర్పుకు కారణాలు రాయాలి, సంతకం పెట్టాలి. ఇప్పటి ఫిలిబస్టర్‌లో గంటల తరబడి నిలబడి మాట్లాడాల్సిన అవసరం కూడా లేదు. అడ్డుకుంటామని తెలిస్తే చాలు.

ఓట్లు తక్కువ ఉన్న పక్షానికి సమయం ఇవ్వాలి, అంతవరకు ఒప్పుకుంటాను. అయోవా సెనెటర్ టామ్ హార్కిన్ 1995లో ఒక దారి చూపించాడు. చర్చ ముగించడానికి మొదటిసారి 60 ఓట్లు కావాలి, అది వీగిపోతే కొన్ని రోజుల తర్వాత 57, ఆపైన 54, చివరికి 51. అడ్డుపడే వాళ్లకు తమ వాదన జనానికి వినిపించడానికి వారాలు దొరుకుతాయి, వీటో మాత్రం ఉండదు. సెనెట్ దాన్ని తోసిపుచ్చింది. ఆ పద్ధతే 1970లో ఉండి ఉంటే 54 ఓట్లతో మూడో విడతలో చర్చ ముగిసేది. సవరణ నెగ్గడానికి సెనెట్‌లో మూడింట రెండొంతుల ఓట్లు, ఆపైన నాలుగింట మూడొంతుల రాష్ట్రాల సమ్మతి ఎలాగూ కావాలి కాబట్టి ఓడిపోయి ఉండొచ్చు కూడా. కానీ అసలు సవరణ మీదే ఓటింగ్ జరిగి, అందరి ముందూ ఓడిపోయేది.